తెర వెనక కమిషన్

జర్మనీ వాళ్ళు లొంగిపోయారని నరసరావుపేట బజారంతా మిఠాయిలు పంచుకున్న వారానికిగానీ ఆ సంగతి మా ఇంట్లోకి రాలేదు. మాకు పేపరు పాతబడ్డాకే వచ్చేది. నేను పాత పేపర్లు కొని, పొట్లాలు చేసి కొట్లకు అమ్మేదాన్ని. ప్లీడర్లు చదివి పడేసినవి, స్టేషన్లో ప్రయాణికులు వదిలేసినవి, రీడింగు రూములో పదిమంది నలిపినవి అన్నీ మా వసారాలో వచ్చి పడేవి. యుద్ధం మూలంగా కాగితానికి కరువు. తాజా వార్త కన్నా పాత కాగితానికే గిరాకీ ఎక్కువ. అందుకని వార్తతో నాకు పనిలేదు. కాగితం మందమా పలచనా, బెల్లం పెడితే చిరుగుతుందా, అంతవరకే చూసేదాన్ని.

వార్తతో పనిబడింది మా అల్లుడికి.

ఫరీద్‌ది క్రోసూరు. గుంటూరులో బి.ఏ. చదివాడు. మా సాజిదాను చేసుకున్నాక, మద్రాసు సర్వీసు కమిషన్ పరీక్ష పాసై డిప్యూటీ తాసీల్దారు అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండి చదువుకుంటానన్నాడు. సరేనన్నాను. కిందటేడు రాత పరీక్ష పాసయ్యాడు. తర్వాత మద్రాసులో పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి మాటలడిగే పరీక్ష ఒకటుంది, ఓరల్ అంటారు. అందులో నోరు పెగల్లేదు. "గుడ్ మార్నింగ్" అన్నాడంట, మళ్ళీ "థాంక్యూ" అన్నాడంట, మధ్యలో ఏమీ లేదంట.

ఈ ఏడూ రాత పరీక్ష పాసయ్యాడు. ఆగస్టు మొదట్లో జరిగే ఓరల్‌కి మళ్ళీ రమ్మని పిలుపొచ్చింది. ఇది పోతే వయసు దాటుతుంది, ఇక రాయనివ్వరు. క్రోసూరులో వాళ్ళన్నకు గానుగ ఉంది, వచ్చి చూసుకోమని కబురు మీద కబురు పంపుతున్నాడు. గానుగ చెడ్డ వ్యాపారమేమీ కాదు. కానీ ఓడిపోయి కూర్చున్న మనిషి దగ్గర నూనె ఎవరు కొంటారు? మొహం చూడగానే కొనేవాడికి సరుకు మీద అనుమానం వస్తుంది. మా అల్లుడు మంచి సరుకు, అది నాకు తెలుసు. మూట విప్పి చూపించడం రాదు, అంతే.

ఓరల్లో అడిగేవి ఎక్కువగా లోకం సంగతులంట. ఏ దేశం ఎవరితో ఒప్పందం చేసుకుంది, గవర్నమెంటు ఏ ఆర్డరు తెచ్చింది, ఇలాంటివి. అందుకని ఫరీద్ తను చదవని పేపరు మీద కత్తెర పడనిచ్చేవాడు కాదు. సాజిదా పొట్లాలు చేస్తుంటే ఎదురుగా కూర్చుని ఒక్కో కాగితం లాక్కునేవాడు.

"ఆ ముక్క ఇటివ్వు. అందులో శాన్‌ఫ్రాన్సిస్కో ఉంది."

"ఉండనీ. అందులో రాఘవయ్య కొట్టుకి శనగపప్పు పోవాల."

"ఒక్క నిమిషం ఇయ్యవే."

"నీ నిమిషాలకి నా చింతగింజల జిగురు గడ్డకడతంది."

ఒకసారి నిజంగానే ఆ ముక్క రాఘవయ్య కొట్టుకు పోయింది. ఫరీద్ వెనకాలే వెళ్ళి, ఆ పొట్లం ఏదో తేలక, కనబడిన శనగపప్పు పొట్లాలన్నీ కొనుక్కొచ్చాడు. శాన్‌ఫ్రాన్సిస్కో దొరికింది. మేము మాత్రం వారమంతా శనగపప్పే తిన్నాం.

మా వీధిలోనే దానయ్య మాష్టారు ఉండేవాడు. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. సాయంత్రం ఆయన వచ్చి వసారాలో కుర్చీ వేసుకుని ఫరీద్‌ని ఇంగ్లీషులో ప్రశ్నలడిగేవాడు. నేను లోపల వంటింట్లో ఉండి వినేదాన్ని. ప్రశ్న వినబడేది. తర్వాత కాకులు వినబడేవి. ఇంకాస్సేపటికి మాష్టారి నిట్టూర్పు వినబడేది. ఆయన అటు వెళ్ళగానే ఫరీద్ అదే ప్రశ్నకు జవాబు సాజిదాకు ఏకధాటిగా చెప్పేవాడు.

ఒకరోజు మాష్టారు గుమ్మం దగ్గర నిలబడి నాతో అన్నాడు. "అమ్మా హజ్రమ్మా, ఈ పిల్లాడి బుర్రలో లోకమంతా ఉంది. ఎదురుగా మనిషి మొహం కనబడితే మాత్రం తాళం పడతంది."

"మరి మొహం కనబడకపోతేనో?" అన్నాను.

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. నేను నవ్వులాటకు అనలేదు.

మా ఇళ్ళల్లో అల్లుడికి అత్త ఎదురుపడి మాట్లాడదు. బజారులో ఎంత పెద్ద షావుకారుతోనైనా గట్టిగా బేరమాడే నేను, ఇంట్లో అల్లుడు కనబడితే కొంగు లాక్కుని పక్కకు తప్పుకునేదాన్ని. పెళ్ళయిన రెండేళ్ళలో ఫరీద్ నా మొహం సరిగా చూసి ఉండడు. ఏం కావాలన్నా సాజిదాతో చెప్పేవాడు, నేనూ సాజిదాతోనే చెప్పించేదాన్ని. వంటింటికీ ముందుగదికీ మధ్య గుమ్మానికి పాత చీర తెరగా వేలాడుతుండేది. ఇన్నాళ్ళూ ఆ తెర నా పనికి అడ్డమనుకున్నాను. దాన్నే పనికి పెట్టవచ్చునని ఆ సాయంత్రం తట్టింది.

మర్నాడు అన్నాలయ్యాక తెర వెనక పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏమే సాజిదా, ఆ శాన్‌ఫ్రాన్సిస్కోలో అంతమంది కూడి ఏం చేస్తన్నారో మీ ఆయన్ని అడుగు."

సాజిదా నోరు తెరిచింది. "ఇప్పుడు నీకు అదెందుకే అమ్మా?"

"శనగపప్పు తిన్నాను కదా. ఎందుకు తిన్నానో తెలవాల."

ఫరీద్ గొంతు సవరించుకున్నాడు. "మీ అమ్మకి చెప్పు. మళ్ళీ యుద్ధం రాకుండా దేశాలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకుంటన్నాయి."

"మాట తప్పినోణ్ణి ఎవరు పట్టుకుంటారో అడుగు."

"పెద్ద దేశాలు ఐదున్నాయని చెప్పు. వాళ్ళు కూర్చుని తేలుస్తారు."

"ఆ ఐదుగుర్లోనే ఒకడు తప్పితేనో?"

మళ్ళీ తాళం పడిందనుకున్నాను. కానీ అతను ఆలోచిస్తున్నాడు. "అక్కడే ఉంది చిక్కు. ఐదుగుర్లో ఏ ఒక్కడు కాదన్నా పని ఆగిపోద్ది."

"అంటే మన మిరపకాయల బజారులో ఐదుగురు పెద్ద షావుకార్లలాగా. ఒకడు తల అడ్డంగా ఊపితే ఆ రోజుకి ధర తెగదు."

"అంతే అత్తమ్మా. సరిగ్గా అంతే."

సాజిదా జిగురు గిన్నె దించడానికి ఎప్పుడో పెరట్లోకి పోయిందని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. అతను గబుక్కున లేచి బయటకు వెళ్ళిపోయాడు. నేను అంట్లు ముందేసుకున్నాను. మర్నాడు అదే వేళకు ఇద్దరం ఎవరి చోట వాళ్ళం కూర్చున్నాం. సాజిదాను ఎవరూ పిలవలేదు.

అలా మొదలైంది. నేను అడిగేదాన్ని, అతను చెప్పేవాడు. నాకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే మళ్ళీ చెప్పమనేదాన్ని. తెలుగులో కుదిరాక, "ఇప్పుడు అదే ఇంగ్లీషులో" అనేదాన్ని. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. కానీ అమ్మేవాడికి తన సరుకు మీద నమ్మకం ఉందా లేదా అనేది మాటను బట్టి కాదు, గొంతును బట్టి తెలుస్తుంది. గొంతు తడబడిన చోట, "అక్కడ నీళ్ళు కలిపావు, మళ్ళీ చెప్పు" అనేదాన్ని. అతను నవ్వేవాడు. చెప్పేవాడు. దానయ్య మాష్టారు ఒకసారి విని, "అమ్మా, నువ్వాపిన చోటల్లా నిజంగానే తప్పుందమ్మా" అన్నాడు. ఆపని చోట ఇంకా చాలా తప్పులున్నాయని కూడా అన్నాడు. అవి ఆయన దిద్దాడు.

ఒక్క లోపం మిగిలింది. ఓరల్లో నిన్నటి సంగతి అడుగుతారంట, మా దగ్గర ఉన్నది కిందటి వారం సంగతి. నేను ప్లీడరు వెంకటప్పయ్య గారింటికి వెళ్ళాను.

"అయ్యా, సాయంత్రం రైలుకి పేపరు రాంగానే నాకిప్పించండి. పొద్దున్నే తెచ్చిచ్చేస్తా."

"ఏమ్మా, నేను చదవొద్దా?"

"తమరు చదివేది కోర్టు తీర్పుల కాగితం ఒక్కటే. అది ఉంచుకోండి. మిగతాది మడత నలక్కుండా వస్తది."

ఆయనకు కోపం రాబోయి నవ్వొచ్చింది. "నాకేంది లాభం?"

"తమరి ఆఫీసులో కవర్లకి కటకటగా ఉందని గుమాస్తా చెప్పాడు. తమరి కాగితాలకి కావలసినన్ని కవర్లు మా పిల్ల అంటించిస్తది."

"పాత పేపరు అమ్ముకునేదానివి, తాజా పేపరుతో ఏం వ్యాపారం పెట్టావు హజ్రమ్మా?"

"కొత్త సరుకండీ. ఇంకా బజార్లోకి రాలేదు. వచ్చాక తమరే చూస్తారు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో లోకం తాజాగా తిరగసాగింది. ఈ సంగతి వీధిలోకి పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటి గుల్జార్ బేగం చెంగుచాటున వచ్చి నా పక్కన చతికిలబడింది. సాజిదా ఆవిడకు కూతురు వరస, అందుకని ఫరీద్ ఆవిడకూ అల్లుడే, ఎదురుపడదు. ఆవిడ వెనక ఇంకా నలుగురు. ఎండలు మండిపోతున్నాయి, వంటింట్లో పొయ్యి సెగ. అయినా తెర వెనక చోటు చాలేది కాదు. ఎవరి విసనకర్ర వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. తెర అవతల ఒక్కడు, ఇవతల అరడజను మంది. దానయ్య మాష్టారు దీనికి "కమిషన్" అని పేరు పెట్టాడు.

"కిరసనాయిలు ఎప్పుడు వదుల్తారంట అల్లుడూ?" అనేది గుల్జార్ బేగం.

"యుద్ధం అయిపోయినా రేషను కంట్రోలు వెంటనే తియ్యరు అత్తా."

"ఎందుకు తియ్యరు? నా దీపంతో యుద్ధం చేస్తన్నారా ఏంది?"

కంట్రోలు ఎందుకు పెట్టారో, ఓడలు ఎందుకు రావడం లేదో, వచ్చిన సరుకు ముందు ఎవరికి పోతుందో అతను చెప్పుకొచ్చేవాడు. గుల్జార్ బేగం ఒప్పుకునేది కాదు. ఆమెను ఒప్పించడం కన్నా మద్రాసులో ముగ్గురు పెద్దమనుషుల్ని ఒప్పించడం తేలికని నేను మనసులో లెక్క వేసుకున్నాను.

మా వీధిలోనే ఉండే మరియమ్మ కూడా వచ్చేది. రోజూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది, ఏమీ అడిగేది కాదు. ఆమె కొడుకు అబ్రహాము పటాలంలో చేరి బర్మా వెళ్ళాడు. చాలా రోజులుగా ఉత్తరం లేదు. జూన్ నెలలో, తొలకరి పడిన సాయంత్రం, అందరూ గుడ్డ కంట్రోలు మీద కేకలేసుకుంటుంటే ఆమె నెమ్మదిగా అడిగింది.

"బాబూ, రంగూను మనోళ్ళు తీసుకున్నారంట కదా. మరి మావాడెప్పుడొస్తాడు?"

అందరి విసనకర్రలూ ఆగాయి.

నా వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది. గిరాకీ వచ్చి అడిగితే లేదనే మాట రాకూడదు. రేపొస్తుందనాలి, ఇంకోటి చూపించాలి, ఎలాగైనా వట్టి చేతులతో పంపకూడదు. ఏదో ఒకటి చెప్పవయ్యా, త్వరలో వస్తాడను, అని నేను లోపల్లోపల అనుకుంటున్నాను.

"తెలవదు పిన్నీ," అన్నాడు ఫరీద్. గొంతులో తడబాటు లేదు. "పేపర్లో ఊళ్ళ పేర్లున్నాయి, మనుషుల పేర్లు లేవు. అబ్రహాముది ఏ దళమో నెంబరేందో చెప్పు. గుంటూర్లో సోల్జర్ల బోర్డుకి ఇప్పుడే రాస్తా. వాళ్ళకి తెలిస్తే వచ్చి చెప్తా. వాళ్ళకీ తెలవకపోతే అదీ వచ్చి చెప్తా."

మరియమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అందరూ రేపొస్తాడు ఎల్లుండొస్తాడు అంటారయ్యా. తెలవదని చెప్పినోడివి నువ్వొక్కడివే." కొంగుముడి విప్పి కొడుకు పాత కార్డు తీసి తెర కింద నుంచి అవతలికి జరిపింది.

ఆ మర్నాడు దానయ్య మాష్టారు ఎదురుగా కూర్చుని మామూలుగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. మొదటి ప్రశ్నకే ఫరీద్ "ఐ డోంట్ నో, సర్" అన్నాడు. రెండోదానికి జవాబు చెప్పాడు. మూడోదానికి కూడా చెప్పాడు. కాకులు వినబడలేదు.

జూలై ఆఖర్లో ఇంగ్లండు ఎలక్షన్ల సంగతి వచ్చింది. యుద్ధం గెలిపించిన పెద్దమంత్రి పార్టీనే జనం ఓడించారని ఫరీద్ చదివితే తెర వెనక గగ్గోలైంది.

"గెలిపించినోణ్ణి ఓడిస్తారా? ఏం మనుషులు!" అంది గుల్జార్ బేగం.

"పెళ్ళికి గాడిపొయ్యి వంటవాణ్ణి పిలిచాం," అన్నాను నేను. "బ్రహ్మాండంగా వండాడు. అట్లాగని పెళ్ళయినాక రోజూ చారు కాయడానికి వాణ్ణే ఇంట్లో పెట్టుకుంటామా?"

తెర అవతల పెన్సిలు గీకిన చప్పుడు వినిపించింది.

మద్రాసు వెళ్ళే రోజు అతనికి నా సలహా ఒక్కటే, అదీ తెర వెనక నుంచే. "అక్కడ నీళ్ళు కలపబాక."

తిరిగొచ్చిన సాయంత్రం కమిషన్ మొత్తం హాజరైంది. చంటిపిల్లల్ని కూడా ఎత్తుకొచ్చారు. ఫరీద్ స్నానం చేసి, భోంచేసి, వచ్చి కూర్చునేదాకా ఎవరూ చోటు వదల్లేదు.

"చెప్పయ్యా," అన్నాను.

"ముగ్గురు కూర్చున్నారు. మొదటి ప్రశ్న అడిగారు. నా నోటికి మళ్ళీ తాళం పడింది."

"అయ్యో అల్లా!"

"కిటికీకి పచ్చ తెర ఉంది. దాని తట్టు తిరిగి జవాబు చెప్పా."

గుల్జార్ బేగమే ముందు తేరుకుంది. "పెద్దమనుషులు ఇటుంటే నువ్వు కిటికీతో మాట్లాడావా?"

"రెండు ప్రశ్నలకి అట్లాగే చెప్పా. అప్పుడు నడిమి పెద్దాయన, 'అటువైపు ఎవరున్నారు?' అన్నాడు."

"ఏమన్నావు?"

"ఉన్నమాట చెప్పా. మా అత్తమ్మ తెర వెనక కూర్చుని రోజూ నాకు ప్రశ్నలేస్తదండీ, ఆ అలవాటు, క్షమించండి అన్నా."

"కొంపముంచావు కదయ్యా!" అన్నాను. "మద్రాసు దాకా పోయి పెద్దమనుషుల ముందు నన్ను కూర్చోబెట్టావా?"

"ముగ్గురూ ఒకటే నవ్వు అత్తమ్మా. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. 'సరే, మీ అత్తగారు ఏమడుగుతుందో మమ్మల్నీ విననీ' అన్నాడు. కిరసనాయిలు కంట్రోలు చెప్పా. ఐదుగురు షావుకార్ల సంగతి చెప్పా. ఇంగ్లండు ఎలక్షను అడిగితే పెళ్ళి వంటవాణ్ణి చెప్పా. అప్పటికి వాళ్ళ మొహాలే చూస్తన్నా, నాకే తెలవలా."

"తెలవనిది ఏమన్నా అడిగారా బాబూ?" అంది మరియమ్మ.

"అడిగారు పిన్నీ. ఏదో బ్యాంకు సంగతి. తెలవదండీ అన్నా. 'గుడ్' అన్నారు. ఎందుకన్నారో అదీ తెలవదు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వ్యాపారంలో కొనేవాడు నవ్వుతూ వెళ్ళిపోయి మళ్ళీ రాకపోవడం నేను చాలాసార్లు చూశాను. నవ్వును లాభం కింద కట్టకూడదు. అది లోపలుంచుకుని, జిగురు కాచడానికి లేచాను.

ఆగస్టు నడిమిలో జపాను వాళ్ళు కూడా లొంగిపోయారు. ఈసారి మా ఇంట్లో ముందు తెలిసింది, వీధి మా ద్వారా విన్నది. ఆ తర్వాత వారంలో గుంటూరు బోర్డు నుంచి మరియమ్మకు జవాబొచ్చింది. అబ్రహాము కాలికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు, నడుస్తున్నాడు, ఓడ దొరకగానే వస్తాడు. మరియమ్మ ఆ కాగితాన్ని ఇంటింటికీ తీసుకెళ్ళి ఫరీద్ చేత చదివించింది. మా వీధిలో అతను గడప తొక్కని ఇల్లు మిగల్లేదు.

మద్రాసు కవరు సెప్టెంబరులో వచ్చింది. నేను పెరట్లో పొయ్యి దగ్గర ఉన్నాను. సాజిదా వచ్చి నిలబడింది. చేతులకు జిగురు. ఏదో చెప్పబోయి, "అమ్మా, మాడతంది," అంది. చూస్తే గిన్నె అడుగంటుతోంది. దించాను. మళ్ళీ ఆమె మొహం చూశాను. నవ్వుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు జిగురు కావడంతో తుడుచుకోలేకపోతోంది. నా కొంగుతో నేనే తుడిచాను.

"ఉద్యోగం ఎక్కడంట?" అన్నాను.

"మార్కాపురం."

ప్లీడరు వెంకటప్పయ్య గారు ఆ సాయంత్రం స్వయంగా పేపరు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "హజ్రమ్మా, నీ కొత్త సరుకు బజార్లోకి వచ్చిందంట కదా."

"వచ్చిందండీ. తమరికి కవర్లు మాత్రం ఆగవు."

వాళ్ళు బయలుదేరే రోజు స్టేషనుకు వీధి వీధంతా కదిలింది. ప్లాట్‌ఫారం మీద తెర ఎక్కడుంటుంది? ఆడవాళ్ళం మా గుంపులో మేం, చెంగులు లాక్కుని నిలబడ్డాం. ఫరీద్ వచ్చేటప్పుడు జట్కావాడికి దారి పొడుగునా జపాను సంగతి చెప్పాడంట. టిక్కెట్లు చూసే ఆయనతో కంట్రోళ్ళ మీద వాదనకు దిగాడు. దానయ్య మాష్టారు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పెట్టెలోకి ఎక్కించాడు.

"ఒకప్పుడు ఈయన్ని మాట్లాడించలేక చచ్చాను," అన్నాడు మాష్టారు నాతో. "ఇప్పుడు ఆపలేక చస్తన్నాను."

సాజిదా కిటికీ దగ్గర కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. దాని పక్క నుంచి ఫరీద్ తల బయటకు పెట్టాడు. అప్పుడే గుల్జార్ బేగానికి ప్రశ్న గుర్తొచ్చింది.

"అల్లుడూ, యుద్ధం మొత్తం అయిపోయింది కదా, మరి ఆ కిరసనాయిలు..."

"అది అట్లా కాదు అత్తా," అని అతను మొదలుపెట్టాడు. ఈల వేశారు. రైలు కదిలింది. అతను ఆపలేదు. ఓడల దగ్గర మొదలుపెట్టి, చేత్తో లెక్కలు చూపిస్తూ, కిటికీలోంచి సగం బయటకు వంగి చెబుతూనే ఉన్నాడు. సాజిదా వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతోంది. ఆఖరి పెట్టె దాటిపోయేదాకా అతని చెయ్యి గాల్లో ఏదో వివరిస్తూ కనబడింది. మాట మాత్రం మాకు అందలేదు.

ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఇంటికి పోదామని ఎవరూ అనలేదు. గుల్జార్ బేగం నా మొహం చూసింది. మరియమ్మ చూసింది. మిగతావాళ్ళు కూడా చూశారు.

"మిగతాది ఎవరు చెప్తారు?" అంది గుల్జార్ బేగం.

అక్కడ గోడవార సిమెంటు బల్ల ఒకటుంది. వెళ్ళి దాని మీద కూర్చున్నాను. చెంగు వెనక్కి తోసుకున్నాను.

"రండి, కూర్చోండి," అన్నాను. "ముందు ఆ ఓడలు ఎక్కణ్ణుంచి బయలుదేరాలో అది చెప్తా."